రొట్టె మందం అంచు

చండూరు దవఖాన ముందట ర్యాంపు కట్టిన.
కొలతలన్నీ కాయితంల ఉన్నయి:
అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడుగు,
రెండు దిక్కుల పైపు, నడుమెత్తు.
"మేస్త్రీ, ఇది అందరికి" అన్నడు ఏఈ సారు
కాయితం మడిసి జేబుల పెట్టుకుంట.
"సక్రాల కుర్చీ, ముసలోళ్లు, కడుపుతోటి ఉన్నోళ్లు,
సిలిండర్ దొర్లిచ్చెటోడు, ఎవ్వరికైన ఒక్కటే తొవ్వ."

నాకు ఆ మాట శాన నచ్చింది.
ముప్పై ఏండ్ల సంది మెట్లు కట్టిన చెయ్యి ఇది.
ఎవరు ఎక్కలేరో ఎన్నడన్న అడిగిన్నా?
ఇంటాయన హోదా ఎంతుంటె
అరుగు అంత ఎత్తు లేపినోన్ని.
ఆ రాత్రి బువ్వ తినుకుంట అనసూర్యకు జెప్పిన,
అందరికని ఒక్కటి గట్టిన్నే, ఇన్నేండ్లకు.

తెల్లారి ఇద్దమ్మ వొచ్చింది మర్రిగూడ దిక్కు నుంచి.
బోరునీళ్లు తాగిన బొక్కలు.
ఇరవయ్యో ఏటనే వొంగిన నడుం
ఇగ లేవలే.
మెడ తిరగదు. కండ్లు భూమినే సూస్తయి.
ర్యాంపు ఎక్కింది, మంచిగనే ఎక్కింది.
ఆనుకుందామంటె పైపు ఆమె తలకు తాకింది.
"నడుమెత్తు అని రాసిండ్రమ్మా" అన్న.
"ఎవరి నడుం బిడ్డా?" అన్నది.

కొట్లాటకు అనలే, నిజంగనె అడిగింది.
తాపీ చేతిల అట్లనే ఉండిపాయె,
మాలు ఎండిపాయె.

పైన నీలం బోర్డు, ఒక్కో అచ్చరం జానెడు.
"ఓపీ ఎటు?" అని ఆమె బండనడిగింది.
అవును, బండనే.
ఆమెకు ఎదురుంగ కనవడేది బండ ఒక్కటే.

ఆమె చెయ్యి ఆనిన కాడ సుద్దతోటి గీత గీసి
రెండో పైపు కిందికి ఏపిచ్చిన.
షాబాదు బండల మీద ఉలి పెట్టి చెక్కిన:
ఓపీ, సూదులు, మందులు, బాణం గుర్తులు.
పోరగాండ్లు కింది పైపు పట్టుకోని ఊగుతున్నరు.
సెల్లుల తల దించిన పడుసోళ్లు గూడ
బండనే సదువుకుంట పోతున్నరు.

అయిపోయిందనుకున్న.

మూడోనాడు జహంగీరు వొచ్చిండు.
కండ్లు లేవు గని, చెంపకు గాలి తాకితె
ట్యూబుల చిల్లు ఏడున్నదో పట్టెటోడు.
కట్టె తట్టుకుంట తట్టుకుంట ర్యాంపు దిగి
సీదా పొయ్యి సడక్ నడిమిట్ల నిలవడ్డడు.
ఇసుక లారీ కీసుమన్నది.
"మేస్త్రీ, అంచేది?
మునుపు మెట్టుండె. మెట్టు ఒడిస్తె సడకని
నా కాలికి ఎరుక.
నున్నగ జేసి నన్ను లారీకి అప్పజెప్పినవ్."

సక్రానికి అంచు ఉండొద్దు.
కట్టెకు అంచు లేకుంటె నడవదు.
జాగ ఒక్కటే.

సక్రాల కుర్చీ పెంటయ్యను పిలిపిచ్చిన.
ఇద్దర్ని పొద్దుమూకే దాక తిప్పిన, ఎక్కిచ్చిన, దించిన.
బొటనేలు ఎత్తు పెడితె పెంటయ్య ఆగిండు.
అట్ట మందం పెడితె జహంగీరుకు తెల్వలే.
ఇద్దరు ఒకల్లనొకలు తిట్టుకున్నరు గూడ.
ఆఖరికి జొన్నరొట్టె మందం కాడ కుదిరింది,
పల్సటి రొట్టె గాదు, మా అవ్వ చేసే రొట్టె.
సక్రం దాటింది. కట్టె ఆగింది.
చాయ్ పైసలు పెంటయ్యనే ఇచ్చిండు.

ఏఈ సారు వొచ్చి టేపు గుంజిండు.
"రెండో పైపుకు బిల్లెట్ల?
రొట్టె మందం అని ఎంబీల ఏమని రాయాలె?"
చెడ్డోడు గాదు సారు.
ఆయన కాయితం లేకుంటె ఈడ మెట్లే ఉండు,
ఇద్దమ్మ సడక్ మీదనే ఉండు.
"కాయితంల అందరున్నరు సార్" అన్న,
"పేర్లే లేవు."
నవ్విండు. బిల్లయితె రాయలే.

నిన్న ఒక బుడ్డ పోరి, చెవులు ఇనవడవు,
చీటీ కిటికీ కాడ నిలవడి
లోపలి సిస్టరమ్మ పెదవులు సూస్తున్నది.
ఎండ వొచ్చి అద్దం మీద పడ్డది.
పెదవులు మాయం, మెరుపొక్కటే మిగిలింది.
మూడుసార్లు పేరు పిలిచి
నాలుగోసారి వేరేవాళ్లను పిలిచిండ్రు.

అద్దం నా పని గాదు.
అద్దం పనోని నంబరు
ఎవరి దగ్గరన్న ఉంటె జెర ఇయ్యుండ్రి.