గాలి పని

గుదైబియాలో ఫిలోమినా లోబో గారి హాలు ఎత్తు
తొమ్మిదడుగుల రెండంగుళాలు.
చర్చిలోంచి మేం దించుకొచ్చిన గొట్టాల్లో పెద్దది
పదడుగుల చిల్లర.
టేపు చుట్టేసి ఆమె మొహం చూశాను.
ఆమె పైకప్పు వంక చూస్తోంది,
కాస్త జరిగి చోటిస్తుందేమో అన్నట్టు.

పాత మందిరం పడగొట్టి కార్లకు చోటు చేస్తున్నారు.
కొత్త హాల్లోకి కీబోర్డు వచ్చింది,
చంకలో పెట్టుకుపోయేంతది.
ఆర్గాను పాతసామాన్ల వాడికి, అన్నారట కమిటీలో.
శుక్రవారాన్నే ఆదివారం చేసుకుని
ముప్పై ఎనిమిదేళ్లు దాని ముందు కూర్చున్న మనిషి
పాతసామాను ధరకే కొనుక్కుంది.
విప్పడానికి జర్మనీ వాణ్ణి పిలిస్తే
ఆ ఖర్చుకు ఇంకో ఆర్గాను వస్తుంది.
ఎవరో నా పేరు చెప్పారు:
రాజనర్సు, ఏసీ డక్టులు, మెట్‌పల్లి మనిషి.

పంతొమ్మిదేళ్లుగా మనామాలో నా పని
ఎవరి గదిలోకో చల్లగాలి పంపడం,
చప్పుడు కాకుండా.
గాలి కూత పెట్టిందా, ఫోన్లొస్తాయి, తిట్లొస్తాయి.
ఇక్కడ తిరకాసు:
కూత కోసమే గాలట.
రూములో వాళ్లు నవ్వారు,
"నర్సన్నా, నీకింక గాలి పనులే దొరుకుతున్నయా" అని.

వరసకు యాభైయారు గొట్టాలు.
వాటి మీది పాత గుర్తులు ఉప్పుచెమ్మకు మాసిపోయాయి.
మార్కరు తీశాను.
ఇంగ్లీషు ఇరవయ్యారుకే అయిపోయింది.
అప్పుడు పెద్దదాని మీద అ రాశాను.
ఆ, ఇ, ఈ... వరసకో రంగు.
ౠ దాటాక చెయ్యి ఆగింది.
ఌ. ౡ.
బళ్లో నేర్పారు, ఇంతవరకు ఏ ఉత్తరంలోనూ
ఒక్కసారీ అక్కరకు రాలేదు.
వదల్లేదు, రాశాను.
సున్నా, అరసున్నా, విసర్గ, ౘ, ౙ,
ఎవర్నీ బయట నిలబెట్టకుండా పిలిస్తే
బండి ఱ దగ్గర లెక్క సరిపోయింది.
అ నాకు రెండింతలు.
ఱ నా చెవి వెనక పెన్సిలంత.

లోపల ఇసుక, పిచ్చుక గూడు ముక్క,
ఒకదాంట్లో పిల్లాడి పాలపన్ను.
ఏ శుక్రవారం వేశాడో, ఎవరికివ్వడానికో.
ఆమె దాన్ని కాగితంలో మడిచి
పర్సులో పెట్టుకుంది. ఏమీ అడగలేదు నేను.

అ ని కొయ్యాలి, తప్పదు.
షఫీకుల్ ఒడిలో పసిపిల్లలా పట్టుకున్నాడు.
రంపం తీయగానే ఆమె వంటింట్లోకి పోయి
కుళాయి తిప్పేసింది, ఈ చప్పుడు వినకుండా.
గాలికి మూల నచ్చదు మేడం, మలుపైతే ఒప్పుకుంటుంది,
అన్నాను తలుపు బయట నుంచి.
మేం మోచేయి అంటాం దాన్ని.
నలభై అయిదు, మళ్లీ నలభై అయిదు.
జింకు అంచులు కలిపి టాకా వేశాను.
తలొంచుకున్న ఒంటెలా అ
కప్పు కింద ఒదిగింది.

ఆగస్టు. నేనే బిగించిన ఏసీ
నన్నే ఆపమంది, అయిదు నిమిషాలు.
దాని గురక ముందు ఇది పాడదట.
అ నొక్కింది.
ముందు చెవికి కాదు, అరికాళ్లకు తెలిసింది.
అద్దాల బీరువాలో కప్పులు ఒకదాన్నొకటి పలకరించాయి.
పై అంతస్తు నుంచి పాకిస్తానీ పిల్ల దిగొచ్చి
ఓడొచ్చిందా, అమ్మ అడగమంది, అంది.

తొమ్మిదో మీట దగ్గర ఏమీ లేదు.
ఌ.
గొట్టం పెకలించి, గోడకు తట్టి, ఇసుక రాల్చి
కాలికొసన నోరు పెట్టి ఊదాను.
బొంగురుగా, ఆవలింతలా
పలికింది.
నా పెదాలకు దురద పెట్టింది చాలాసేపు.

రసీదులో ఏం పని రాయను, అని అడిగింది.
గాలి పని, అన్నాను.
అలాగే రాసుకుంది, ఇంగ్లీషు అక్షరాల్లో.

కింద వీధిలో పికప్‌లోకి నిచ్చెన ఎక్కిస్తున్నాం.
మగ్రిబ్ అజాన్ అయిపోయింది, దుకాణాల లైట్లు.
ఆ కిటికీలోంచి ఒకే మీట,
ఆగి, మళ్లీ అదే.
షఫీకుల్ చెడిపోయిందా అన్నాడు.
లేదు, తాడు బిగించు, అన్నాను.
అది ఏ అక్షరమో నాకు తెలుసు.