మూడు మెట్లు

తాడిపత్రిలో నాలుగున్నర బస్సు.
డ్రైవరు దిగొచ్చి చంకల కింద చేతులేస్తేనే నేనెక్కేది.
హుసేనమ్మ వీల్‌చైరు మడిచి వెనక సీటు కిందికి తోస్తాది,
కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొడతాడు.
అవి నా కాళ్లు గదన్నా అంటే
నవ్వుతాడు, మంచోడే,
టికెట్టు మాత్రం చింపుతాడు.

అనంతపురంలో ఆస్పత్రి ముందర ఉగ్గాని బండి.
వాసనకే కడుపు తిప్పుకుంటాది ఆకలి.
తినను. నిన్న రాత్రి నుంచి నీళ్లు గూడా తాగలేదు,
లోపల నా బండి పట్టే బాత్రూము ఒక్కటీ లేదు.

కార్డుల ఆఫీసు ఆ మూలన,
మూడు మెట్ల మీద.
చిన్నవే. పాకే బిడ్డ గూడా ఎక్కేస్తాది.

చూడంగానే గుర్తుపట్టినా.
నల్లరాయిలో కొసాకు పోయే తెల్లటి సన్న గీత,
మా ఫ్యాక్టరీకొచ్చే గని బండే.
పదహారేండ్లు నాలుగో నంబరు మిషను కాడ
ఆ గీత మీద నీళ్లు పోసి పోసి
మొగం కనపడేదాకా పాలిషు పట్టినోణ్ణి.
ఈ మెట్లకు నేనే పట్టినానని ఒట్టేయలేను.
లేదనీ ఒట్టేయలేను.

లారీ దించుతాంటే పన్నెండు బండలు
ఒకదాని మీదొకటి జారొచ్చినాయి నా నడుం మీదికి.
అబద్ధమెందుకు, అప్పుడు కార్డు పనికొచ్చింది.
కర్నూల్లో రాడ్లేసినారు, పైసా అడగలేదు,
ఇంటికి పొమ్మని బస్సు చార్జీ గూడా చేతిలో పెట్టినారు.
అంతటితో నేను బాగైపోయినట్టు
యాడనో కంప్యూటర్లో రాసిపెట్టుకున్నారు.

ఇప్పుడు పిర్ర మీద పుండు.
రూపాయి బిళ్లంత మొదలై, అరచెయ్యంత అయ్యింది.
నాకు నొప్పి తెలీదు, వాసన తెలుస్తాది.
ఫోటో తీసి పైకి పంపినారు.
ఫోటో మసగ్గా ఉందని తిరిగొచ్చింది.
మళ్లీ పంపితే, దెబ్బ పాతది, పుండు కొత్తది,
రెండూ ఒక ఫైల్లో కుదరవని తిరిగొచ్చింది.
నా ఒంట్లో మాత్రం కుదిరినాయి.

గాలి నింపే మెత్త ఒకటుండాదంట,
కింద వేసుకుంటే పుండు రాదంట.
అది ప్యాకేజీలో లేదంట.
పుండు ఎముక దాకా పోతే ఆపరేషను ఉండాది,
పోకుండా చూసే మెత్త లేదు.
ఎవరిని తిట్టాల? పైన అంటారు.
నేను తలెత్తితే ఫ్యాను తిరుగుతాంటాది.

సదరంలో డెబ్బై ఎనిమిది శాతమని రాసిచ్చినారు.
తక్కిన ఇరవై రెండు నాలో యాడుందోనని
రాత్రుళ్లు వెతుక్కుంటా.
నీ నాలికలో ఉండాదిలే అంటాది హుసేనమ్మ.

"దూదేకుల చిన్న కుళ్ళాయప్ప!"
పిలిచింది సుగుణావతమ్మ, ఆ ఆఫీసు పిల్ల.
నేను ఎక్కలేనని ఆయమ్మే మిషను పట్టుకుని దిగొచ్చింది.
వైరు రెండో మెట్టు దాకే.
ఆయమ్మ వంగింది, నేను సాగినా,
హుసేనమ్మ నన్ను వెనకనుంచి ఎత్తి పట్టుకుంది,
చూసేవాళ్లకు ఏదో ఆట మాదిరి.
బొటనేలు ఆనింది. ఎర్ర లైటు.
నెత్తికి తుడుచుకుని పెట్టు. ఎర్ర లైటు.
ఇంకో చెయ్యి. ఎర్ర లైటు.
గీతలు యాడుంటాయమ్మా,
బండ నునుపయ్యేది ఊరికేనా?

ఎత్తలేక హుసేనమ్మ నన్ను కింది మెట్టు మీద కూలేసింది.
అరచెయ్యి రాయికి తగిలింది.
మిషను మరిచినా రాయి గుర్తుపట్టిందని
చెప్పుకోడానికి బాగుంటాది.
రాయి రాయే. చల్లగా ఉన్నింది, అంతే.

సోమవారం రాన్నా, కండ్లతో పట్టే మిషనొస్తాది
అన్నాది సుగుణావతమ్మ, నా కండ్లల్లోకి చూడకుండా.

రెండున్నర బస్సు కోసం గోడ నీడలో కూసున్నాం.
హుసేనమ్మ బాటిలు మూత తీసి చేతికిచ్చింది.
"ఇంగ తాగు,
ఇంటికే గదా పోయేది."