పరకాల బస్సు వచ్చేదాక

పొద్దంతా నా నోట్లె ఒక్కటే పాఠం:
సక్కగ కూసో, చెవులు కనవడాలె,
కొంగు తియ్యి, నవ్వకు, రెప్ప కొట్టకు.
ఆధార్ సెంటర్ల తెల్లగుడ్డ ముందట
ఒకల ఎనుక ఒకలు
తప్పు చేసి దొరికినోళ్ల లెక్క కూసుంటరు.
మిషిన్ ఒప్పుకునేదాక
నేనూ ఒప్పుకోను.

ఆరుంబావుకు హన్మకొండ బస్టాండ్ల
ఎవ్వలూ నాకోసం సక్కగ కూసోరు.

ఫోన్ల మాట్లాడినట్టు చేసుకుంట
ఆ... ఆ... వస్తున్న, బస్సే రాలే, అనుకుంట
ఛాతీ కాడికెళ్లి నొక్కుత.
పిన్నులు పండ్ల నడుమ వెట్టుకొని
జడ విప్పుకుంటున్న నర్సు పిల్ల.
ఒక్క వైరును చెరో చెవుల వెట్టుకున్న ఇద్దరు పోరగాండ్లు,
ఒకడు తల ఊపినంక రెండోడు ఊపుతడు.
ఫ్యాను రెక్కలు మూడూ పేపర్ల సుట్టి
సంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాయన.
ఏనుమాముల తక్‌పట్టీని నాలుగోసారి విప్పి
సదువుతున్న పెద్దమనిషి.
సదివితే రేటు పెరుగుతదా?
ఆయన అంగికున్న మిర్చి ఘాటుకు
బెంచీ బెంచంతా ఒక్కసారే తుమ్మింది.
ఫొటో కదిలింది.
కదిలిందే ఉంచుకున్న.

ఎందుకు తీస్తవంటే చెప్పరాదు నాకు.
ఆరువందల పన్నెండున్నయి,
ఇంట్లగూడ ఎవ్వలకు చూపియ్యలే.
పగలు నేను దీసే మొకాలు
ఎవ్వలయో గని వీళ్లయి కావనిపిస్తది.

"నన్ను దీసినవ్ గదా."

పక్కకే ఉన్నది. కొత్తవాడ జంపఖానాల మూట మీద
మోచెయ్యి ఆనించుకొని.
అబద్ధం ఆడుదామనుకున్న, నోరు లేవలే.
"చూపియ్యి."

రెండేళ్లతోని పెద్దగ చేసింది,
మొకాన్ని కాదు, మూటను.
"అయ్యో, గీ తాడు ఊసివోయింది సూడు"
అని వంగి, పంటితోని గుంజి ముడేసి
మల్ల తీసుకున్నది ఫోను.
శానసేపు చూసింది.

"మంచిగనే వడ్డ గని బిడ్డా,
ఇందుల నేను యాడికి వోతున్ననో లేదు.
ఊకె కూసున్నదాని లెక్కున్న.
పొద్దుగాల నాలుగింటికి లేసిన నేను.
తీసెయ్యి."

తీసేసిన.
"గా చెత్తడబ్బలకెళ్లి గూడ.
నా మన్మడు గట్లనే దాస్తడు."
అండ్లకెళ్లి గూడ తీసేసిన.
"నా పేరు యాకూబి" అన్నది,
నేనడగంగనే చెప్పినట్టు.
నేను అడగలే.

ఇంతల పల్లెవెలుగు మలుపు తిరిగింది.
ఆగకముందే కిటికీలల్లకెళ్లి
దస్తీలు, టిఫిను డబ్బ, ఒక చెప్పు
సీట్లల్ల వడ్డయి.
తక్‌పట్టీ జేబుల వోయింది, జడ సగంల ఆగింది,
ఫ్యాను రెక్కలు అందరి తలల మీదికెళ్లి
మెల్లగ లోపలికి వోయినయి.

యాకూబి ఎట్లెక్కిందో ఎక్కింది.
కిటికీలకెళ్లి రెండు చేతులు చాపింది:
"అందియ్యి!"
మూట లేపిన. బరువు నా మెడల దాక దిగింది.
సగం లోపల, సగం బయట మూట,
దాని పైకెళ్లి ఆమె మొకం,
చెమట, ఊడిన కొంగు, నవ్వు.

"ఇగో, ఇప్పుడు దియ్యి" అన్నది.

నా రెండు చేతులూ
మూట కిందున్నయి.