నడుంబంటికి ఎన్ని డెసిబెల్స్

సిరోంచ తహసీలు ఆఫీసులో కరెంటు ఉండే
నలభై నిమిషాల్లో ఈ పని అయిపోవాలి.
నిన్న తెల్లారుజామున ఉపగ్రహం
మబ్బుల మీదుగా పోతూ
ప్రాణహితను ఒక్కసారి తట్టి
తిరిగొచ్చిన చప్పుడును రాసుకుంది.
చీకట్లో తలుపు తట్టి, చెవి ఒగ్గి
నిలబడే మనిషి లాంటిది అది.
గరుకు నేల పలుకుతుంది. నున్నటి నీళ్లు
ఆ తట్టును ఇంకెటో జార్చేస్తాయి.
అందుకే పటంలో వరద నల్లగా ఉంటుంది.

ముందు వచ్చేవి మరీ చిన్న అంకెలు.
సున్నా పాయింట్ సున్నా సున్నా ఎనిమిది,
సున్నా పాయింట్ ఒకటి రెండు.
తెర మీద అంతా ఒకటే మసి,
ఊరేదో ఏరేదో తెలియదు,
వంతెన ఇనుము ఒక్కటే
వెండి పన్నులా మెరుస్తుంటుంది.
రాస్టర్ కాలిక్యులేటర్ తెరిచి
లాగరిథమ్ తీసి పదితో గుణిస్తాను.
అంకెలన్నీ సున్నా కిందికి దిగుతాయి,
మైనస్ ఇరవై ఒకటి, మైనస్ తొమ్మిది.
దిగాక గాని ఒకదాన్నుంచి ఒకటి విడివడవు.

మొదటి రోజు పదికి బదులు ఇరవై కొట్టాను.
ఇరవై, అల ఎత్తు ఇచ్చినప్పటి మాట;
నాకిచ్చింది అప్పటికే వర్గం చేసిన బలం.
ఆ ఒక్క తప్పుతో తాలూకా మొత్తం మునిగింది,
గుట్ట మీది బంగ్లా, పశువుల దవాఖానా,
నేను కూర్చున్న ఈ కుర్చీతో సహా.
వాసేకర్ సాబ్ చాయ్ గ్లాసు పైకెత్తి పట్టుకుని
"కాళ్లు మీద పెట్టుకో బాయీ" అన్నాడు.

సరాసరి కావాలంటే మళ్లీ వెనక్కి ఎక్కాలి.
డెసిబెల్స్‌ను కూడి భాగించకూడదు.
మూలానికి తిప్పి, అక్కడే కూడి,
అక్కడే భాగించి, అప్పుడు దిగాలి.
లేకుంటే మునిగిన నాలుగు మళ్లు
మునగని ఒక్కదాన్నీ కిందికి లాగేస్తాయి.
ఎవరికి చెప్పినా తలూపుతారు.
ఎవరూ చెయ్యరు.

మూడో రోజు జాడి బానక్క వచ్చింది.
చీర కుచ్చెళ్లకు ఎండిన ఒండ్రు,
పాలిథిన్ సంచిలో సాత్‌బారా కాగితం.
"మా చేను నీ కంప్యూటర్ల పొడిగున్నదట గదా."
చూశాను. మైనస్ ఆరు. తెల్లగా.
ఎండిన నేలకన్నా తెల్లగా.
"నీళ్లెంత వచ్చినయ్ అక్కా?"
"నడుంబంటి. పత్తికట్టె తలలు మాత్రం కనబడ్డయ్."

నిలబడ్డ కట్టెలు. కింద నీళ్లు.
తట్టు నీటిమీద పడి, కట్టెకు గుద్దుకుని
వచ్చిన దారినే వెనక్కి పోయింది
రెట్టింపు గొంతుతో.
నిలువునా మునిగిన చేను నోరెత్తలేదు కనుక
దాన్ని వరద అన్నాను.
సగం మునిగి నిలబడ్డ చేను అరిచింది,
ఆ కేకను పొడినేలగా రాశాను.

బానక్క కొలబద్ద వేరు.
చీలమండ, మోకాలు, నడుం, గొంతు.
నడుంబంటికీ గొంతుబంటికీ నడుమ మూరెడే,
ఆ మూరెడులోనే మేకలు, పసిపిల్ల, వడ్ల గుమ్మి
ఒక్కొక్కటీ వేరే లెక్కలోకి పోతాయి.
ఇదీ లాగరిథమే కావచ్చు.
ఆమెకు అది ఒంటి మీదే ఉంది,
నేను సూత్రం వెతుక్కోవాలి.

పంచనామా ఫారంలో మరాఠీ గడులు:
హెక్టార్లు, ఆర్లు, శాతం.
బంటికి గడి లేదు.
తలాఠీ సంతకం పక్కన మిగిలిన జాగాలో
దేవనాగరి అక్షరాల్లో రాశాను, నడుంబంటి.
వాసేకర్ సాబ్ రెండుసార్లు కూడబలుక్కుని
ఇదేం కొలత అన్నాడు.
లేచి నిలబడి
చేత్తో చూపించాను.

చిత్రం అంచున ఇంకా కొన్ని సున్నాలున్నాయి.
సున్నాకు లాగరిథమ్ ఉండదు,
అక్కడ ఏ రంగూ వెయ్యదు సాఫ్ట్‌వేర్.
బానక్క తమ్ముడి ఊరు అటువైపే.
అడుగుదామని తల తిప్పేసరికి
ఆమె మెట్లు దిగిపోయింది,
కరెంటూ పోయింది.