చేబదులు

ఇంటిపేరు ముందు. తర్వాత కామా.
తర్వాత పేరులో మొదటి అక్షరం, చుక్క.
బ్రాకెట్లో సంవత్సరం.
ఇరవై రెండేళ్ళుగా వాల్దివియాలో
వాన పడే ప్రతి మంగళవారమూ
(అంటే దాదాపు ప్రతి మంగళవారమూ)
ఇదే చెబుతున్నాను.

తడి కోట్లు కుర్చీల వీపుల మీద ఆవిరి కక్కుతుంటాయి.
చేపల బజారు దగ్గర నీటిసింహాలు
నాకంటే నమ్మకంగా అరుస్తుంటాయి.
"మార్జిన్ రెండున్నర సెంటీమీటర్లు" అంటాను.
"ఎందుకు?" వెనక బల్ల నుంచి ఎలియసెర్.
"కాగితం పట్టుకున్నప్పుడు
బొటనవేలు అక్షరాల మీద పడకుండా."
అప్పటికప్పుడు అల్లిన మాట. దానికి ఆధారం లేదు.
వాడు శ్రద్ధగా రాసుకున్నాడు.

మాటకు ఎంగిలి లేదు పిల్లలూ,
ఒకరు కొరికింది ఇంకొకరు తినొచ్చు.
ఎవరి కంచంలోంచి తీశారో చెప్పండి, అంతే.
ఇది వడ్డీ లేని చేబదులు.
తిరిగి ఇవ్వక్కర్లేదు కూడా,
పేజీ అడుగున చిన్న అక్షరాల్లో
ఇచ్చినవాళ్ళ పేరు రాస్తే చాలు.
ఇంత చవకగా అప్పు ఈ ఊళ్ళో ఇంకెక్కడా పుట్టదు.

మైతెన్ వైకిల్ తక్కువ మాట్లాడే పిల్ల.
నది అవతలి నుంచి పడవెక్కి వస్తుంది.
భూకంపానికి కుంగిన పొలాల మీద రాస్తోంది:
గోధుమ చేలు ఒక్క మధ్యాహ్నంలో
నల్లమెడ హంసలు ఈదే మడుగులెలా అయ్యాయో.

నిన్న నా గదికొచ్చింది.
చేతిలో నా పాత పరిశోధనా గ్రంథం,
లైబ్రరీ అట్ట, బూజు వాసన.
"ముప్పై ఒకటో పేజీ, మేడమ్.
'నీళ్ళు దారి మరిచిపోవు,
హద్దురాళ్ళనే మరిచిపోతాయి.'
నా వ్యాసంలో వాడుకుందామని.
కింద అంకె ఏమీ లేదు.
మీదేనా అని"

ఆ 'అని' తర్వాత చుక్క పెట్టలేదు,
ప్రశ్నార్థకమూ పెట్టలేదు.

నాదే అనబోయాను.
పరీక్షకుడు ఆ వాక్యం కింద రెండు గీతలు గీసి
లేచి నిలబడి నాతో చేయి కలిపిన సంగతి కూడా
చెప్పబోయాను.

ముందు మేజోళ్ళ వాసన గుర్తొచ్చింది.
అద్దె ఇంటి వంటగది. కట్టెల పొయ్యి.
తీగ మీద ఆరుతున్న రెండు జతలు.
బంగాళాదుంపల చెక్కు తీస్తూ
తలెత్తకుండా రోసాల్బా అన్న మాట అది.
నేను కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను.
ఆ బిల్లు కట్టింది కూడా తనే.
ఆ చలికాలమే చదువు మానేసింది.
దక్షిణాన చేపల ఫ్యాక్టరీలో చేరిందని
ఎవరో అన్నారు.
ఎవరన్నారో గుర్తులేదు.

పదకొండు వరుసలు ఎత్తి రాసినందుకు
ఒక కుర్రాడి సెమిస్టరు పోగొట్టాను నేను.
"ఎక్కడిదిది?" అని మార్జిన్లలో
ఎన్ని ఎర్ర పెన్నులు ఖాళీ చేశానో!
ఆ మార్జిన్లు బొటనవేళ్ళ కోసం కావు, ఎలియసెర్.

మైతెన్‌తో ఏమన్నానంటే,
"రేపు క్లాసులో చెబుతాను."

ఇవాళ మంగళవారం. వాన.
బోర్డు మీద ఉదాహరణ రాశాను.
పోబ్లెతె, కామా. ర, చుక్క.
సంవత్సరం తెలుసు, నెల కూడా తెలుసు.
వంటగదికి ప్రచురణకర్త ఎవరు?
నియమావళి మొత్తం తిరగేశాను,
బంగాళాదుంపల దగ్గర అన్న మాటకి
ఏ పేజీ నంబరు వేయాలో లేదు.
పైగా ఇక్కడ మనిషికి రెండు ఇంటిపేర్లు,
నాన్నదొకటి, అమ్మదొకటి.
రెండేళ్ళు ఒకే పొయ్యి ముందు చలి కాచుకున్నాం,
రెండోది నేనెప్పుడూ అడగలేదు.
అక్కడ కొంచెం జాగా వదిలి
చేతులకంటిన సుద్ద దులుపుకున్నాను.

ఎవరూ మాట్లాడలేదు.
మైతెన్ లేచి వచ్చింది.
ఎర్ర సుద్దముక్క తీసి
ఆ జాగా చుట్టూ సున్నా చుట్టి
పక్కనే, అచ్చం నా దస్తూరీలో, రాసింది:

అసంపూర్ణం.
సరిచేసి మళ్ళీ సమర్పించండి.