పేజీకి పట్టని జాన

ఏకాంబరం అయ్యవారు నోటుబుక్కు చంకలో పెట్టుకోని
గ్రీమ్స్‌పేటలో మా ప్రెస్సుకి వచ్చినాడు.
మామిడి గుజ్జు డబ్బాల లేబుళ్లు గుట్టపడిన బల్ల మీద
మోచెయ్యి ఆనించే చోటు వెతుక్కుంటా చెప్పినాడు:
"పాతకాలం గ్రీకుల కొలతలు. గీతలు అసలు సైజులోనే పడాల.
పిల్లోడు చెయ్యి పెట్టి చూసుకోవాల.
మూడొందల కాపీలు."

వేలి వెడల్పు వాళ్లకి డాక్టిలోస్.
అట్లాంటివి నాలుగైతే పలైస్తె, పన్నెండైతే స్పితమె,
పదహారు పౌస్, ఇరవై నాలుగు పేఖుస్.
నోరు తిరక్క నేను పక్కన కొట్టుకున్నా:
వేలు, బెత్తెడు, జాన, పాదం, మూర.
కొట్టినాక చూస్తే
కొత్తగా నేర్చుకునేది ఏమీ మిగల్లేదు.

"ఎవరి వేలు సార్?"
"ఏథెన్సుది. ఒలింపియా పాదం ఇంకాస్త పెద్దది."
మా గేటు ముందర వళ్లెమ్మ మూరకీ
రోడ్డవతల రాజాత్తి మూరకీ
రెండు వేళ్లు తేడా.
పొద్దున లేస్తే ఆ రెండు వేళ్ల మల్లెపూల మీదే రచ్చ.
అక్కడా ఇంతేనేమో అనుకున్నా.

వేలంటే పంతొమ్మిది మిల్లీమీటర్లు, పైన పావు.
కంప్యూటరు యాభై నాలుగున్నర పాయింట్లు చూపించింది, ఇంకో చిటికెడు.
వెనక నుంచి దొరసామి మేస్త్రి ఇత్తడి స్కేలు తీసినాడు:
"నా లెక్కలో యాభై ఐదుకి వెంట్రుకవాసి తక్కువ.
సీసం పాయింటు సన్నంమే. నీ తెర మీది పాయింటు తిని బలిసింది."
అరగంట వాదులాడినాం
చీమ తలకాయంత లేని దానికోసం.

ఆఖరికి ఆయన కుడిచెయ్యి కాగితం మీద పరిచినాడు.
తొంభై ఒకటిలో, ఎలక్షన్ నోటీసులు అర్జంటని,
ట్రెడిల్ మింగింది చూపుడు వేలు.
"నా బెత్తెడు నూట అరవై నాలుగేమే," అన్నాడు
ప్రూఫులో తప్పు చూపించినట్టు.
ఆ అంకె ఏ గడిలో వెయ్యాలో నాకు తెలీలేదు.

తర్వాత జాన దగ్గర ఆగిపోయినాం.
పేజీ నిలువు ఆరొందల పన్నెండు,
జాన ఆరొందల యాభై ఐదు.
నలభై మూడు పాయింట్లు కాగితం దాటి బల్ల మీదికి.
"కొంచెం తగ్గిద్దామా సార్?"
"తగ్గిస్తే అది జాన బొమ్మ అవుతుంది గానీ
జాన కాదు," అన్నాడు అయ్యవారు.
టీ చల్లారిపోయింది.
జానెడు పొట్ట అంటాం గదా ఊరికే,
దాన్ని మాత్రం ఏ పేజీలో పట్టించినాం ఇన్నాళ్లూ.

మేస్త్రి స్కేలుని మూల నుంచి మూలకి వాల్చినాడు.
ఏడొందల ఇరవై తొమ్మిది!
రెండు కొసల్లో ముప్పై ఏడేసి, కత్తెరకి పోగా చాలు.
నిలబెట్టితే పట్టని జాన
వాలి పడుకుంటే పట్టింది.
పాదాన్నీ మూరనీ మడత కాగితంలో కలిపి కుట్టాం.
స్టేడియన్‌ని వదిలేశాం, ఐదు లక్షల ఇరవై నాలుగు వేల పాయింట్లు.
అచ్చయ్యే పుస్తకాలన్నీ వరసగా పరిచినా
దాంట్లో మూడో వంతు దాటి రెండడుగులు,
దర్గా మలుపు కూడా రాదు.

ఆఖరి పేజీలో ప్రెస్సు పేరు కింద
ఒక గీత గీశాను, పేరు పెట్టకుండా,
నూట అరవై నాలుగు పాయింట్లు.
ప్రూఫు చదివిన అయ్యవారు అడగలేదు.
మేస్త్రి దానిమీద మూడు వేళ్లు ఆనించి,
తీసి, సిరా డబ్బా మూత పెట్టడానికి పోయినాడు.

సాయంత్రం వళ్లెమ్మ మిగిలిన పూలతో లోపలికొచ్చింది.
తడిచెయ్యి కొంగుకి తుడుచుకోని
వాలుగీత మీద బొటనవేలూ చిటికెనవేలూ సాచింది.
రెండు వేళ్లు తక్కువ.
చెయ్యి తిప్పి చూసుకుంది, గీతని చూసింది:
"ఎవురోగానీ,
ఇంత చెయ్యేసుకోని పూలమ్మినాడంటే
వాడి ఇల్లు గుల్లే."