భుజం పట్టీ

పర్లాకిమిడి బస్టాండు పక్క సందులో
జిప్పులు మారుస్తూ పంతొమ్మిదేళ్లు.
కొండ దిగినవాళ్ల సంచులన్నీ నా మిషను కిందికే వచ్చేవి.
అడుగున గడ్డిగింజలు, ఎర్రమట్టి,
ఒకసారి ఎండిపోయిన జలగ.
ఎక్కడిదని అడిగేదాన్ని కాదు.
చీటీ రాసి మేకుకి తగిలించేదాన్ని.

ఒక నీలం సంచి మాత్రం
రెండు వానాకాలాలు అక్కడే వేలాడింది.
చీటీ మీద పేరు చెరిగిపోయింది.
ఎవరూ రాకపోతే అదింక ఎవరిది?
నలభై ఆరేళ్లకు ఆ మాట అనుకున్నాను,
శనివారం పొద్దుటే షట్టరు దించేసి.

సర్దడమంటే నాకు తెలిసింది పెళ్లి ప్రయాణమే.
రెండు చీరలు, దుప్పటి, చిన్న కుక్కరు,
వానొస్తే అని గొడుగు, అది విరిగితే అని ఇంకో గొడుగు,
ఆకలేస్తే అని రెండు కిలోల అటుకులు,
భయమేస్తే అని టార్చిలైటు, దానికి తోడు మరొకటి.
బియ్యం కొట్టు సాహు కాటా మీద పెట్టి చూశాడు.
"పద్నాలుగున్నర. అమ్మకానికా, ఇంట్లోకా?"

కోయింపూర్‌లో జీపు దిగేసరికి
ఇసాకు గమాంగో నిలబడి ఉన్నాడు.
చేతిలో కత్తి, నడుముకి నీళ్ల సీసా.
అంతే అతని సామాను.
నా సంచి ఎత్తాడు, దించాడు.
"మౌసీ, ఎవురింటికి కాపరానికెల్తన్నావు?"

వాళ్లింట్లో కుక్కరు దిగింది. ఒక గొడుగు దిగింది.
అటుకులు సగం పిల్లల దోసిళ్లలోకి దిగాయి.
రెండో టార్చి మాత్రం నేనివ్వలేదు.

మొదటి గంట, నా ఆయాసం నాకే సిగ్గు.
మహేంద్రగిరిని చూడకు, మడమ పెట్టే చోటు చూడు, అన్నాడు.
కట్టెల మోపుతో ఎదురొచ్చిన ముసలామె
నా వీపు వంక చూసి సవర మాటల్లో ఏదో అంది.
ఇసాకు నాకు తెలుగులో చెప్పలేదు. నవ్వాడంతే.

సగం కొండలో ఎడమ పట్టీ తెగింది.
కుట్టు చూశాను.
నాదే.
కరెంటు పోయే వేళ, తొందరలో
ఒక్క వరసతో వదిలేసింది.
ఎవడి భుజమో కదా అని.

జాకెట్టు అంచున ఎప్పుడూ గుచ్చి ఉండే సూది,
చీర కొంగులోంచి లాగిన దారం.
రాయి మీద కూర్చుని రెండు వరసలు వేశాను.
మూడోదీ వేశాను,
మంచు దిగి నా వేళ్లు నాకే కనపడకుండా పోయేదాకా.

శిఖరం చూడలేదు నేను.
ఊట దగ్గర పెద్ద బండ కింద పడుకున్నాం.
తాకట్టు లేని నిద్ర, తడిసిన దుప్పటి,
భుజం మీద పట్టీ అచ్చు ఎర్రగా.
పొద్దున దిగిపోయాం.

సోమవారం ఒక కుర్రాడు సంచి తెచ్చి
బల్ల మీద పడేసి, "పట్టీకి ఎంత?" అన్నాడు.
పంతొమ్మిదేళ్లలో మొదటిసారి
ధర చెప్పకుండా కుర్చీ జరిపాను.
"కూచో బాబూ.
లోపలున్నవన్నీ ఒకసారి బయటికి తియ్యి."